బీరువా జరపమని అడగండి

హైదరాబాద్ చైతన్యపురి మెట్రో స్టేషన్ వెనక సందుల్లో ఒక ఫ్లాటు. రెండో అంతస్తు, రెండు బెడ్‌రూములు, తూర్పు గుమ్మం, పద్దెనిమిదేళ్ళ బిల్డింగు. మా చెల్లెలు, వాళ్ళాయన కొందామనుకుంటున్నారు. ముప్ఫై ఏళ్ళుగా కట్టుబడి పనుల్లో ఉన్నవాణ్ణి కదా అని నన్నూ వెంట తీసుకెళ్ళారు. అమ్ముతున్నాయన రిటైరైన పెద్దమనిషి. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, టీ పెట్టించి, పిల్లలిద్దరూ ఎక్కడ స్థిరపడ్డారో చెప్పారు. ఇల్లంతా కొత్త రంగు వాసన.

అంతకు ముందే వాస్తు ఆయన వచ్చి దిక్సూచి పెట్టి గంటన్నర చూసి వెళ్ళారట. మేం ఇల్లంతా తిరగడానికి పట్టింది పన్నెండు నిమిషాలు. లోపలి బెడ్‌రూములో మూలన పెద్ద ఇనప బీరువా ఉంది. ఆ గోడకు అవతల బాత్రూము. నాకు దాని వెనక ఏముందో చూడాలని ఉంది. నోరు తెరవబోతుంటే బావ నా చెయ్యి నొక్కాడు. "వద్దు బావా, టీ కూడా తాగాం. ఏమనుకుంటారు?"

ఈ అధ్యాయమంతా ఆ చెయ్యి నొక్కడం గురించే.

కూరగాయల బండి దగ్గర బెండకాయ తోక తుంచి చూసి గానీ తక్కెట్లో వెయ్యనివ్వం. పుచ్చకాయను చెవి దగ్గర పెట్టుకుని తడతాం. అరవై లక్షల ఇంటి దగ్గరికొచ్చేసరికి గోడ మీద వేలు పెట్టడానికి మొహమాటం. దస్తావేజులో 60 లక్షలు రాస్తే తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు కట్టాలని అందరికీ తెలుసు. దానికి డబ్బు పక్కన పెట్టుకుంటారు. గృహప్రవేశం భోజనాలకూ పెట్టుకుంటారు. రిపేర్లకు మాత్రం ఎవరూ పెట్టుకోరు. చేరిన మొదటి వానాకాలంలో ఆ లెక్క తనంతట తానే గోడ మీద తేలుతుంది.

అడగడం చేతకాకపోతే అడిగేవాణ్ణి వెంట తీసుకెళ్ళండి. తెలిసిన మేస్త్రీకి సగం రోజు కూలీ ఇస్తే చాలు. మన వైపు ఇప్పుడు మేస్త్రీ రోజు కూలీ వెయ్యి, పన్నెండు వందల మధ్య ఉంది. అతనికి టీ మొహమాటం లేదు. బీరువా జరిపేస్తాడు, ఫాల్స్ సీలింగ్ మూత ఎత్తేస్తాడు. మీరే అడగాలనుకుంటే మాత్రం చెప్పులు విప్పకముందే, గుమ్మంలోనే చెప్పెయ్యండి: "ఏమీ అనుకోకండి, కొంచెం సామాను జరిపి చూస్తాం. మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేస్తాం." టీ తాగాక ఆ మాట రాదు.

నా సంచీలో ఉండేవి ఇవి: టార్చిలైటు, రూపాయి బిళ్ళ, పిల్లలాడుకునే గోలీ, పనికిరాని ఏటీఎం కార్డు, సుద్దముక్క, మూడు వందలకు దొరికే టీడీఎస్ మీటరు. బిళ్ళతో టైలు మీద తడితే, కింద సిమెంటు లేనిచోట బోలుగా డబడబమంటుంది. గోలీ బాత్రూము నేల మీద వదిలితే జాలీ వైపు దొర్లాలి. గుమ్మం వైపు దొర్లిందంటే వాలు తప్పినట్టే. ఏటీఎం కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. గోడ పగులులో అది దూరిందంటే ఇక మేస్త్రీతో అయ్యే పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. ఒక్కసారి వచ్చి చూసినందుకు అయిదు వేల నుంచి పదిహేను వేల దాకా తీసుకుంటారు. ఈ అధ్యాయంలో కళ్ళు మూసుకుని ఇవ్వమని నేను చెప్పే డబ్బు అదొక్కటే.

పగుళ్ళన్నిటికీ భయపడక్కర్లేదు. గోడ, దూలం కలిసేచోట అడ్డంగా సన్నటి గీత చాలా ఇళ్ళల్లో ఉంటుంది. ఇటుక ఒక తీరున, కాంక్రీటు ఇంకో తీరున సాగుతాయి, ముడుచుకుంటాయి. అంతకు మించి అందులో ఏమీ లేదు. మెష్ అంటించి లప్పం పెడితే రెండు మూడు వేలతో పోతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులు, పిల్లరు పొడుగునా నిలువుగా దిగిన పగులు వేరే జాతి. వాటి దగ్గర ఆగాలి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇళ్ళకు ఒక చరిత్ర ఉంది, రోగాలు దాన్ని బట్టే వస్తాయి. 2007 ఏప్రిల్‌లో జీహెచ్ఎంసీ ఏర్పడ్డప్పుడు అందులో కలిసిన పన్నెండు మునిసిపాలిటీల్లో ఎల్బీనగర్ ఒకటి. ఈ కాలనీల్లో చాలావాటికి అంతకు ముందే, గ్రామపంచాయతీల రోజుల్లోనే ప్లాట్లు పడ్డాయి. రెండొందల గజాల్లో ఒంటి అంతస్తు ఇల్లు కట్టుకున్నవాళ్ళు తర్వాత పైన ఒకటి, దాని పైన ఇంకొకటి వేసుకుంటూ పోయారు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు పెరిగాక అయిదుగురి కోసం కట్టిన ఇంట్లో ఇరవై మంది ఉంటున్నారు, ఒక బాత్రూము ఉన్నచోట మూడు లేచాయి. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది, అద్దెలు పెరిగాయి, మళ్ళీ కొత్త పార్టిషన్లు. ఇల్లు బయటి నుంచి ఒక వయసు చెబుతుంది. లోపలి పైపులు, వైర్లు ఇంకో వయసు చెబుతాయి.

ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒక్కటే. రిపేరు ఖర్చు లోపం పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి ఉండదు; దాని మూలం ఎవరి ఇంట్లో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. మీ ఇంట్లోనే ఉంటే ఎంత పెద్దదైనా డబ్బుతో తీరిపోతుంది. పై వాళ్ళ ఇంట్లో ఉంటే డబ్బుతో పాటు బతిమాలుకోవడమూ కావాలి. డాబా మీదో, సెల్లారులోనో ఉంటే పదిమందిని ఒప్పించాలి. వీధిలో ఉంటే కొనకపోవడమే మంచిది.

మీ ఇంట్లోవి ముందు చూద్దాం, ఇవి తేలిక. రెండు బెడ్‌రూముల ఫ్లాటుకు లోపల లప్పం, రంగు కొత్తగా వేయించాలంటే 60 నుంచి 90 వేలు. చెదలు తగిలితే గోడ వారన అడుగుకొక రంధ్రం చొప్పున వేసి మందు ఎక్కిస్తారు, ఆరు నుంచి పది వేలు. తిన్న గుమ్మం మార్చడానికి ఒక్కోదానికి 12 వేల నుంచి 20 వేలు, టేకు కావాలంటే అంతకు మించి. చెదలున్నదీ లేనిదీ తెలుసుకోవాలంటే బాత్రూము గుమ్మం అడుగున బొటనవేలితో నొక్కండి. రంగు పొర లోపలికి దిగితే వెనక చెక్క లేనట్టే.

కరెంటు సంగతి కొంచెం ఓపిగ్గా చూడాలి. లైట్లకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు సరిపోతుంది. ఏసీకి, గీజరుకు 4 వేయడం మంచి ఎలక్ట్రీషియన్ల పద్ధతి. పాత ఇళ్ళల్లో ఏసీ తర్వాత వచ్చింది, వైరు మాత్రం పాతదే. ఏసీ ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్కు పసుపు రంగుకు తిరిగిందేమో చూడండి. డిస్ట్రిబ్యూషన్ బోర్డు మూత తీయించి ఆర్‌సీసీబీ ఉందా అని అడగండి. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, రెప్పపాటులో కరెంటు ఆపేసేది అది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. ఇంటాయనకు చెప్పి నొక్కండి, దాని కింద ఉన్న లైన్లన్నీ ఆగిపోవాలి. ఆగకపోతే ఆ డబ్బా ఉత్త అలంకారమే. కొత్తది బిగించడానికి మూడు నాలుగు వేలు, ఏసీ లైన్లు రెండు విడిగా లాగితే ఇంకో పది వేలు. ఇల్లంతా వైరింగు మార్చాలంటే మాత్రం లక్ష నుంచి లక్షన్నర. గోడలు చెక్కాలి కాబట్టి రంగు ఖర్చు దాని వెంటే వస్తుంది.

ఇక బీరువా దగ్గరికి వద్దాం.

చెయ్యి విడిపించుకుని అడిగేశాను. పెద్దాయన ముఖం కొంచెం మారింది గానీ కాదనలేదు. ముగ్గురం కలిసి జరిపాం. వెనక గోడ మీద, నేల నుంచి కాదు, పైకప్పు నుంచి కిందికి దిగిన మరక. అంచుల్లో ఉప్పు పూసినట్టు తెల్లటి పొడి, మధ్యలో రంగు బుడగలు కట్టి ఉంది. వేలితో తాకితే పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. మిగతా ఇంటికంతా కొత్త రంగు వేసి, ఆ బీరువా వెనక మాత్రం వెయ్యలేదు.

చెమ్మ ఏ దారిన వచ్చిందో కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, అది ఎప్పుడు తడుస్తోందో గమనిస్తే చాలు. రాత్రీ పగలూ ఒకేలా తడిగా ఉంటే గోడలో దాగిన నీళ్ళ పైపు కారుతోంది. పై ఇంటి వాల్వు రాత్రికి కట్టేస్తే పొద్దుటికి తడి తగ్గాలి. పైవాళ్ళు స్నానాలు చేశాక తడిసి మధ్యాహ్నానికి ఆరుతుంటే టైల్స్ సందులో, మురుగు పైపు కీలో పోయింది. వానకు మాత్రమే తడిస్తే బయటి గోడదో, సన్‌షేడ్‌దో, డాబాదో దోషం. మూలం పైన బాత్రూమే అనిపిస్తే అక్కడి జాలీకి గుడ్డ కుక్కి, బకెట్టు నీళ్ళల్లో బట్టల నీలం కలిపి నేల మీద నిలబెట్టండి. మర్నాటికి కింద నీలం దిగితే ఇక వాదన ఉండదు. దిగకపోయినంత మాత్రాన లీకు లేదనుకోకండి.

పైన నలుగురు బ్యాచిలర్లు అద్దెకున్నారు. ఓనరు నల్గొండలో ఉంటారు. ఫోను చేస్తే, "మా ఇంట్లో ఏ లీకూ లేదండీ" అన్నారు. నిజమే, ఆయన ఇంట్లో ఎందుకుంటుంది? నీళ్ళు కిందికే కదా దిగేది. పైగా ఆ బాత్రూము మొదట్లో ఉన్న చోటు అది కాదు. వాస్తు ప్రకారం ఈశాన్యంలో ఉండకూడదని పదేళ్ళ కిందట పక్కకు మార్పించారట. ఈ మార్పుల గురించి ఒక మాట చెప్పాలి. బాత్రూము ఉండాల్సిన చోట స్లాబును కట్టేటప్పుడే అడుగు దాకా కిందికి దించి పోస్తారు. పైపులు ఆ గుంటలో, నింపిన మట్టిలో పోతాయి. బెడ్‌రూము మూలను తర్వాత బాత్రూముగా మారిస్తే ఆ గుంట ఉండదు. అప్పుడు నేల ఎత్తు పెంచి, రెండు మెట్లు పెట్టి, స్లాబుకు కన్నం పొడిచి కమోడ్ పైపు దించుతారు. కన్నం చుట్టూ సిమెంటు కూరతారు. ఏ ఇంట్లోనైనా బాత్రూములోకి మెట్టు ఎక్కి వెళ్ళాల్సి వస్తే, ఆ కింది ఇంటి పైకప్పు చూసే దాకా అడ్వాన్సు ఇవ్వకండి. వాస్తు మీద నాకు పేచీ లేదు, నమ్మకం ఎవరిది వారిది. స్లాబుకు కన్నం మీద మాత్రం పేచీ ఉంది.

అలాంటి బాత్రూము పగలగొట్టి మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో అక్కడే సుద్దముక్కతో గచ్చు మీద లెక్క వేసి చూపించాను. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు. నేల 40 చదరపు అడుగులు. చుట్టుకొలత 26 అడుగులు, ఏడడుగుల ఎత్తు దాకా టైల్స్ అంటే 182, తలుపు తీసేస్తే 165. మొత్తం 205 చదరపు అడుగులు. అడుగు 60 రూపాయల టైలు అయితే దాదాపు పన్నెండున్నర వేలు. వేసే కూలీ పది వేలు. పాతవి పగలగొట్టి, శిథిలాలు మూటలు కట్టి కిందికి దించి బండికెత్తడానికి పదకొండు వేలు. లిఫ్టులో తీసుకెళ్ళనివ్వరు, మెట్ల మీద మోయాలి. నేలకూ, గోడ మీద అడుగు ఎత్తు దాకానూ వాటర్‌ప్రూఫింగు ఏడు వేలు. పైపులు, ట్రాపులు, ప్లంబరు కూలీ 28 వేలు. సిమెంటు, ఇసుక, చిల్లర మల్లర తొమ్మిది వేలు. వెరసి 77,500. కమోడు, కుళాయిలు కొత్తవి పెడితే లక్ష దాటుతుంది. జీఎస్‌టీ బిల్లు ఇచ్చే కాంట్రాక్టరయితే మీద 18 శాతం.

పగలగొట్టకుండా టైల్స్ సందులు గీకి ఎపాక్సీ గ్రౌటు నింపే పద్ధతీ ఉంది. ఎనిమిది నుంచి పదిహేను వేలతో పోతుంది. సందుల నుంచే కారుతుంటే బాగానే పనిచేస్తుంది. పైపు కీలు పోయి ఉంటే దండగ. ముందు అది చేసి, ఏడాది తర్వాత మళ్ళీ పగలగొట్టించిన వాళ్ళను చాలామందిని చూశాను.

ఆ శిథిలాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. బండి మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ పడేస్తావని అడగండి. నాలాలోనో, చెరువు గట్టు మీదో పడేస్తే ఆ నీళ్ళు తిరిగి మన వీధికే వస్తాయి. నాగోల్ పక్కన ఫతుల్లగూడలో కూల్చిన కాంక్రీటును రీసైకిల్ చేసే ప్లాంటే ఉంది.

ఇక పదిమందిని ఒప్పించాల్సినవి అంటే డాబా, లిఫ్టు, సంపు, పిల్లర్లు. మూడొందల గజాల్లో అంతస్తుకు రెండు చొప్పున పది ఫ్లాట్లున్న బిల్డింగు అనుకోండి. డాబా సుమారు 1,800 చదరపు అడుగులు. పైపైన కోటింగు కొట్టించడానికి అడుగుకు 40 రూపాయలు, మొత్తం 72 వేలు, ఇంటికి 7,200. పాత గచ్చు తీసి, వాలు సరిచేసి, మెంబ్రేన్ వేసి మళ్ళీ గచ్చు పోయడానికి అడుగుకు 120 రూపాయలు. 2 లక్షల 16 వేలు, ఇంటికి 21,600. మొదటిది రెండు మూడు వానాకాలాలు ఆగుతుంది, రెండోది పదేళ్ళు. ఏది చవకో పదో తరగతి పిల్లాడు చెబుతాడు. అయినా అసోసియేషన్ మీటింగులో ఎప్పుడూ మొదటిదే గెలుస్తుంది. కారేది పై అంతస్తు రెండిళ్ళల్లోనే. మిగతా ఎనిమిది మందికి అది వాళ్ళ గొడవ. అందుకే పై అంతస్తు కొనేవాళ్ళు అసోసియేషన్ దగ్గర నిల్వ ఎంత ఉందో, డాబా పని ఆఖరుసారి ఎప్పుడు జరిగిందో రిజిస్టరు చూపించమని అడగాలి. డాబా అందరిదీ. దాని మీద తర్వాత లేచిన పెంట్‌హౌస్ ప్లానులో ఉందో లేదో కూడా అక్కడే తేల్చుకోండి.

పిల్లర్ల కోసం ఇల్లు చూడటం అయ్యాక సెల్లారుకు దిగండి. జనం గేటులోంచి నేరుగా లిఫ్టెక్కి పోతారు, బిల్డింగు ఆరోగ్యమంతా కింద ఉంటుంది. పిల్లరు అడుగున, కార్లు కడిగిన నీళ్ళు రోజూ చిమ్మేచోట టార్చి వెయ్యండి. కాంక్రీటులో క్షారగుణం ఉన్నన్నాళ్ళూ లోపలి చువ్వలకు తుప్పు పట్టదు. ఏళ్ళ తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్, తేమ లోపలికి దిగుతూ ఆ గుణాన్ని హరిస్తాయి. తుప్పు పట్టిన ఇనుము ముందున్న దానికంటే రెండు నుంచి ఆరు రెట్ల దాకా చోటు అడుగుతుంది. చోటు లేక కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. చువ్వ మీద కాంక్రీటు పిల్లరుకు 40 మిల్లీమీటర్లు, స్లాబుకు కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలని ఐఎస్ 456 ప్రమాణం. అది సరిగ్గా పడనిచోట ఈ పని ఇంకా తొందరగా అవుతుంది. నిలువు పగులు, గోధుమరంగు మరక, తడితే బోలు శబ్దం, ఈ మూడూ ఒకే పిల్లరు మీద ఉంటే సిమెంటు పూత పూసి రంగేస్తే సరిపోదు. వదులు కాంక్రీటు చెక్కి, తుప్పు తోమి, చువ్వలకు పూత వేసి, చుట్టూ మైక్రోకాంక్రీటు పోయాలి. ఒక్కో పిల్లరుకు పాతిక వేల నుంచి 60 వేలు. పన్నెండు పిల్లర్లలో నాలుగు అలా ఉంటే మిగతావి వరసలో ఉన్నట్టే లెక్క.

సంపు మూత కూడా ఎత్తించండి. దాని స్లాబు అడుగు భాగం రాత్రింబవళ్ళు నీటి ఆవిరిలో ఉంటుంది, మనిషి కంట పడదు. చాలాచోట్ల దాని మీదే కారు నిలబడి ఉంటుంది. ఆ స్లాబు కింద చువ్వలు బయటపడి వేలాడుతుండటం నేను రెండుసార్లు చూశాను.

నీళ్ళ సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. ఈ వైపుకు కృష్ణా నీళ్ళు సాహెబ్‌నగర్ రిజర్వాయరు మీదుగా వస్తాయి. అవి చాలని బిల్డింగుల్లో బోరు నీళ్ళు కలుపుతారు. వంటింటి కుళాయి దగ్గర ఒకసారి, బాత్రూములో ఒకసారి టీడీఎస్ మీటరు ముంచండి. తాగే నీటికి 500 దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా అనుమతి అని భారతీయ ప్రమాణం. షవర్ రంధ్రాలు తెల్లగా పూడుకుపోయి ఉంటే మీటరు కూడా అక్కర్లేదు. గీజరు కాయిల్, వాషింగ్ మెషీన్ వాల్వు, కుళాయిలు రెండు మూడేళ్ళకోసారి మార్చుకుంటూ ఉండాల్సిందే.

ఇక వీధి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కోదండరాంనగర్ లాంటి కాలనీల్లో, నాగోల్ వైపు లోతట్టు కాలనీల్లో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. మునిగిన ఇళ్ళకు ప్రభుత్వం తక్షణ సాయంగా పది వేలు ఇచ్చింది. తర్వాత నాలాల పనులు జరిగాయి. అయినా కింది అంతస్తు గానీ, విడి ఇల్లు గానీ కొనేవాళ్ళు ఆ వాన ఆనవాళ్ళు వెతకాలి. గోడకు మూడడుగుల దాకా ఒక రంగు, పైన ఇంకో రంగు. స్విచ్‌బోర్డులన్నీ భుజం ఎత్తులో. గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తు గోడ. మీటరు బోర్డు చెయ్యెత్తినా అందనంత పైన. ఇవన్నీ ఒక ఇంటి జ్ఞాపకాలు. అమ్మేవాళ్ళను అడిగితే "మా వీధికి రాలేదండీ" అంటారు. వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడగండి, ఏ గడప దాకా వచ్చాయో చెయ్యి పెట్టి చూపిస్తాడు.

పాత కాలనీల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఉన్న రోడ్డు తవ్వకుండా దాని మీదే మళ్ళీ సీసీ రోడ్డు వేస్తూ పోవడంతో ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్ళాలి. తొమ్మిది వందల చదరపు అడుగుల ఇంట్లో రెండడుగులు మొరం నింపి, మళ్ళీ గచ్చు, టైల్స్ వేయాలంటే లక్షన్నర నుంచి రెండు లక్షలకు పైనే. పదడుగుల పైకప్పు ఎనిమిదడుగులకు దిగుతుంది, గుమ్మాలన్నీ పైకి లేపాలి, ఫ్యాను చేతికందుతుంది. మురుగు వెనక్కి తన్నకుండా నాన్ రిటర్న్ వాల్వు పెట్టడానికి ఇంకో పది వేలు. ఇంత చేసినా వీధిలో నీళ్ళు వీధిలోనే ఉంటాయి. చెరువు దగ్గర ఇల్లయితే హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండా నీళ్ళున్నప్పటి హద్దు) మ్యాపు ముందు చూసుకోండి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా ఏర్పడ్డాక ఆ గీతకు ఏ వైపున ఉన్నామన్నది రిపేరు లెక్కలకు లొంగే విషయం కాదు.

కొత్త ఫ్లాటుకు ఇవేమీ అక్కర్లేదనుకోకండి. రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, తాళాలు ఇచ్చిన అయిదేళ్ళలోపు కట్టుబడి లోపాలు బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు పైసా తీసుకోకుండా సరిచేయాలి. అయితే స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటకపోతే ప్రాజెక్టు రెరాలో రిజిస్టరు కానక్కర్లేదు. ఎనిమిది ఫ్లాట్లు మించకపోయినా అంతే. మన సందుల్లో లేచేవి చాలావరకు ఆ కొలతలోపలివే. కాబట్టి కొనేముందు రెరా నంబరు ఉందో లేదో అడగండి. ఉంటే, కారిన రోజే ఫొటో తీసి బిల్డరుకు లెటరు పంపండి. ఫోనులో చెప్పిన మాటకు తేదీ ఉండదు.

బేరం దగ్గర చాలామంది చేసే పొరపాటు, "మీరే బాగు చేయించి ఇవ్వండి" అనడం. అమ్మి వెళ్ళిపోయేవాళ్ళు పుట్టీ పెట్టిస్తారు. మనిషి చెడ్డవాడై కాదు, తనుండని ఇంటికి ఎవరైనా అంతే చేస్తారు. డబ్బు తగ్గించమనండి, పని మీరు చేయించుకోండి. మా లెక్క ఇది: పై బాత్రూము 77,500, కింద పైకప్పు, గోడ 15 వేలు, ఆర్‌సీసీబీ, ఏసీ లైన్లు 14 వేలు, చెదలు తిన్న గుమ్మం 18 వేలు, డాబా పనికి రాబోయే వాటా 21,600. మొత్తం లక్షా 46 వేల వంద. కాగితం మీద రాసి, మేస్త్రీ కొటేషను జతచేసి పెద్దాయన చేతికిచ్చాం. "మీరు ఇంత పద్ధతిగా అడుగుతారనుకోలేదు" అన్నారు గానీ కోపం రాలేదు. నోటిమాటగా "కొంచెం తగ్గించండి" అని ఉంటే పాతిక వేల దగ్గర ఆగేవారు. లక్షా ఇరవై తగ్గించారు. ఇంకో షరతు కూడా పెట్టాం. బాత్రూము తెరవడానికి ఒప్పుకుంటున్నట్టు పై ఓనరు చేత రాయించి ఇచ్చాకే రిజిస్ట్రేషను అన్నాం. మూడు వారాలు పట్టింది. నల్గొండకు రెండుసార్లు పెద్దాయనే వెళ్ళొచ్చారు. ఖర్చు మేం పెట్టుకుంటామన్నాక పై ఓనరు సంతకం పెట్టారు. న్యాయంగా అయితే అది ఆయన పెట్టుకోవాల్సిన ఖర్చే. కోర్టుకెళ్ళి గెలవచ్చేమో కూడా. ఆ గెలిచేలోపు స్లాబు చువ్వలు తుప్పు పడతాయి.

పగలగొట్టిన రోజు నేనూ వెళ్ళాను. టైల్స్, మట్టి తీశాక మేస్త్రీ కన్నం దగ్గర కూర్చుని స్క్రూడ్రైవరుతో పొడుస్తూ నన్ను పిలిచాడు. కమోడ్ పైపుకు, కిందికి దిగే పైపుకు మధ్య కీలు లేదు. ఒకదానిలో ఒకటి దూర్చి, సందులో పాత బనీను గుడ్డ చుట్టి, పైన సిమెంటు మెత్తారు. గుడ్డ కుళ్ళి నల్లబడింది. మేస్త్రీ దాన్ని కర్రతో ఎత్తి బకెట్టులో పడేసి, "పదేళ్ళు ఆపింది సార్, గట్టి బనీనే" అన్నాడు.

చెల్లెలు వాళ్ళు దసరాకు ఆ ఇంట్లో చేరారు. వాళ్ళ బీరువా కూడా వాస్తు ప్రకారం అదే మూలకు వచ్చింది. నేను చెప్పానని బావ దాన్ని గోడకు జానెడు ఎడంగా పెట్టించాడు. చెల్లెలికి అది నచ్చలేదు, వెనక దుమ్ము చేరుతోందట.